అణువుకూ యుగధర్మం ఉందా?

1972 మే నెలలో ఫ్రాన్స్‌లోని పియెర్‌లాత్ యురేనియం కర్మాగారంలో ఒక లెక్క తేలలేదు. భూమ్మీద ఏ గనిలో తవ్విన యురేనియంలోనైనా 235 రకం 0.7202 శాతం ఉంటుంది. చంద్రుడి నుంచి తెచ్చిన రాళ్లలో చూసినా, ఉల్కల్లో చూసినా అంతే. అప్పుడు పరీక్షకు వచ్చిన నమూనాలో మాత్రం 0.7171 శాతమే ఉంది. తేడా మూడో దశాంశ స్థానంలో కనిపించేంత చిన్నది. అయినా వదిలేయడానికి వీల్లేదు. అణుబాంబుకు పనికొచ్చేది ఆ 235 రకమే కాబట్టి ప్రతి గ్రాముకూ జమాఖర్చు చూపించాలి. తగ్గింది ఎక్కడికి పోయిందో తేల్చాల్సిందే.

ఖనిజం వచ్చిన దారి పట్టుకుని వెనక్కి వెళితే అది ఆఫ్రికాలోని గబాన్ దేశంలో, ఒక్లో అనే గని దగ్గర ఆగింది. అక్కడి కొన్ని నమూనాల్లో 235 రకం ఏకంగా 0.44 శాతానికి పడిపోయి ఉంది. ఎవరూ దొంగిలించలేదు. దాదాపు 200 కోట్ల ఏళ్ల క్రితం, భూగర్భంలోనే, ఆ యురేనియం తనంతట తాను ఖర్చయిపోయింది. మనిషి చెయ్యి పడకుండా అక్కడ అణు రియాక్టర్లు నడిచాయి.

ఇది ఎలా సాధ్యం? 235 రకం యురేనియం 238 రకం కన్నా చాలా వేగంగా క్షీణిస్తుంది. కాబట్టి కాలంలో వెనక్కి వెళ్లేకొద్దీ దాని వాటా పెరుగుతుంది. ఒక్లో కాలంలో అది 3 శాతానికి పైగా ఉండేది. ఈనాటి అణు విద్యుత్ కేంద్రాల్లో చాలావాటికి వాడే ఇంధనంలోనూ దాదాపు అంతే ఉంటుంది. రాతి పగుళ్లలోకి ఊరిన భూగర్భ జలం న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించింది. నెమ్మదించిన న్యూట్రాన్లు యురేనియం కేంద్రకాలను చీల్చాయి. వేడి పెరిగి నీరు ఆవిరైపోతే చర్య ఆగేది. రాయి చల్లబడి మళ్లీ నీరు ఊరితే చర్య మొదలయ్యేది. అక్కడి ఖనిజంలో చిక్కుకుపోయిన జినాన్ వాయువును విశ్లేషించి, సుమారు అరగంట మండటం, రెండున్నర గంటలు చల్లబడటం అనే వరసలో అది నడిచేదని 2004లో లెక్కగట్టారు. లక్షల ఏళ్లు అలా నడిచింది. ఇలాంటి సహజ రియాక్టర్ సాధ్యమేనని పాల్ కురోడా అనే రసాయన శాస్త్రవేత్త 1956లోనే చెప్పారు.

ఒక్లో రాళ్లలో ఇంతకన్నా పెద్ద ప్రశ్నకు సమాధానం దాగి ఉందని 1976లో లెనిన్‌గ్రాడ్‌కు చెందిన అలెగ్జాండర్ ష్ల్యాఖ్తర్ గుర్తించారు. ప్రశ్న ఇది: ఈనాడు మన ప్రయోగశాలల్లో కనిపించే ప్రకృతి నియమాలే 200 కోట్ల ఏళ్ల క్రితమూ ఉన్నాయా? లేక నియమాలు కూడా కాలంతో పాటు మారుతూ వస్తున్నాయా?

నమ్మకమా, నిరూపణా?

కృతయుగంలో ఒక ధర్మం, కలియుగంలో ఇంకో ధర్మం అని మన పురాణాలు చెబుతాయి. మనుషుల నడవడికి యుగధర్మం ఉందంటే ఒప్పుకుంటాం. అణువుకూ ఉందంటే మాత్రం ఉలిక్కిపడతాం. నక్షత్రాలు పుట్టి పోతాయి, ఖండాలు జరుగుతాయి, జీవజాతులు మారిపోతాయి. ఈ మార్పులన్నిటి వెనకా మారనిది ఒకటి ఉందని, అదే ప్రకృతి నియమమని బడిలో చదువుకున్నాం. రాయి వయసు కట్టినా, నక్షత్రం దూరం కొలిచినా ఆ లెక్క అంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

మరి ఆ మాటకు పూచీ ఎవరు? మనిషి జాగ్రత్తగా కొలతలు తీసుకోవడం మొదలుపెట్టి నాలుగైదు వందల ఏళ్లు దాటలేదు. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు. ఇంత చిన్న కాలంలో చూసినదాన్ని బట్టి అంత పెద్ద కాలానికి తీర్పు చెప్పడం తొందరపాటు కాదా? ఈ అనుమానం భౌతిక శాస్త్రాన్ని గట్టిగా తెలిసినవాళ్లకే ముందుగా వచ్చింది. దాన్ని వాళ్లు తత్వచర్చగా వదిలేయలేదు, కొలవగలిగే ప్రశ్నగా మార్చారు. నియమాల స్థిరత్వం ఇప్పుడు ఒట్టి నమ్మకం కాదు. ఎనభై ఏళ్లకు పైగా రకరకాల పరీక్షలు పెట్టి, ప్రతిసారీ కిందటిసారి కన్నా గట్టిగా నిగ్గుతేల్చిన ఫలితం.

డిరాక్ వేసిన ప్రశ్న

ఈ పరీక్షలకు నాంది పలికింది పాల్ డిరాక్. ఎలక్ట్రాన్‌కు విరుద్ధ కణం ఉంటుందని కాగితం మీదే కనిపెట్టిన మేధావి. 1937లో 'నేచర్' పత్రికకు రాసిన చిన్న లేఖలో ఆయన రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టారు. ప్రోటాన్‌కూ ఎలక్ట్రాన్‌కూ మధ్య విద్యుత్ ఆకర్షణ, గురుత్వాకర్షణ కన్నా ఎన్ని రెట్లు ఎక్కువో లెక్కవేస్తే ఒకటి పక్కన దాదాపు 39 సున్నాలున్న సంఖ్య వస్తుంది. విశ్వం వయసును పరమాణు ప్రపంచానికి సరిపోయే అతి చిన్న కాలంతో భాగించినా ఇంచుమించు అంతే పెద్ద సంఖ్య వస్తుంది. అంత పెద్ద సంఖ్యలు రెండు ఊరికే కలవవని డిరాక్‌కు అనిపించింది. విశ్వం వయసు రోజురోజుకూ పెరుగుతోంది. రెండు సంఖ్యలూ ఎప్పుడూ జోడుగానే ఉండాలంటే గురుత్వాకర్షణ క్రమంగా బలహీనపడుతూ రావాలి. అంటే న్యూటన్ సూత్రంలోని G స్థిరాంకం స్థిరంగా ఉండదు.

డిరాక్ మాట నిజమైతే గతంలో గురుత్వాకర్షణ ఇప్పటికన్నా బలంగా ఉండాలి. దాని పర్యవసానం ఏమిటో 1948లో ఎడ్వర్డ్ టెల్లర్ లెక్కవేశారు. గురుత్వాకర్షణ కొంచెం పెరిగినా సూర్యుడి వెలుగు విపరీతంగా పెరుగుతుంది. దానికి తోడు భూమి సూర్యుడికి మరింత దగ్గరగా తిరుగుతుంది. అప్పుడు 20, 30 కోట్ల ఏళ్ల క్రితం భూమి మీద వేడి నీరు మరిగే స్థాయికి దగ్గరగా ఉండాలి. అంతకు ముందునుంచే సముద్రాల్లో జీవులు హాయిగా బతికాయని శిలాజాలు చెబుతున్నాయి. విశ్వం వయసును ఆనాడు ఇప్పటికన్నా చాలా తక్కువగా అనుకునేవారు కాబట్టి టెల్లర్ అంకెలను తర్వాత సవరించాల్సి వచ్చింది. కానీ ఆయన చూపిన దారి నిలిచింది. నియమం మారితే దాని గుర్తు ఎక్కడో ఒకచోట మిగిలి ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

G మీద నేరుగా తీర్పు చెప్పింది చంద్రుడు. 1969 జులైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద ఒక పరావర్తన ఫలకాన్ని ఉంచి వచ్చారు. వచ్చిన కాంతిని వచ్చిన దారినే తిప్పి పంపే వంద గాజు పట్టకాలు అందులో ఉన్నాయి. అపోలో 14, 15 యాత్రలూ, సోవియట్ యూనియన్ పంపిన లూనోఖోద్ వాహనాలూ ఇలాంటివే అక్కడికి చేర్చాయి. భూమి నుంచి లేజర్ కాంతిని పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలిస్తే చంద్రుడి దూరం తెలుస్తుంది. ఇప్పుడు ఆ దూరాన్ని మిల్లీమీటర్ల లెక్కలో చెప్పగలుగుతున్నారు. సముద్రపు ఆటుపోట్ల వల్ల చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. గురుత్వాకర్షణ బలహీనపడుతుంటే కక్ష్యలో అదనంగా మరో రకం మార్పు కనిపించాలి. దశాబ్దాల పాటు కొలిచినా అది కనిపించలేదు. G మారుతున్నా, ఆ మార్పు ఏడాదికి పది లక్షల కోట్లలో ఒక వంతు స్థాయిని దాటదు. డిరాక్ ఊహకు కావలసిన మార్పు దీనికి వందల రెట్లు పెద్దది. ఆయన జవాబు తప్పయింది. ఆయన ప్రశ్న మాత్రం పరీక్షలకు దారి తీసి శాస్త్రానికి మేలు చేసింది.

ఏది కొలవాలి?

ఈ వెతుకులాటలో ఒక పెద్ద గుంట ఉంది. కాంతి వేగం చరిత్ర చూస్తే అది తెలుస్తుంది. 1920లు, 30లలో కాంతి వేగం కొలతలు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చాయి. కాంతి నెమ్మదిస్తోందని గేరీ ద బ్రే అనే ఆయన వాదించారు కూడా. 1941లో రేమండ్ బర్జ్ అప్పటి కొలతలన్నీ క్రోడీకరించి సెకనుకు 2,99,776 కిలోమీటర్లు అని తేల్చారు. పొరపాటుకు నాలుగు కిలోమీటర్లకు మించి అవకాశం లేదన్నారు. పదేళ్లు తిరక్కుండానే సూక్ష్మతరంగాలతో కొత్త పద్ధతిలో కొలిస్తే సుమారు 2,99,792 వచ్చింది. కాంతి ఒక్కసారిగా వేగం పుంజుకోలేదు. అందరి కొలతల్లోనూ ఒకే రకమైన లోపం దాగి ఉండటం వల్ల అన్నీ ఒకదాన్నొకటి బలపరుచుకున్నాయి, అంతే.

దీనికన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. కాంతి వేగాన్ని మీటర్లలో, సెకన్లలో చెబుతాం. ఏదైనా మారినట్టు కనిపిస్తే, మారింది కాంతా, మీటరా, గడియారమా? కొలబద్ద కూడా అణువులతో చేసిందే, గడియారం కూడా అణువులతో నడిచేదే. కొలిచే వస్తువూ, కొలవబడే వస్తువూ కలిసి మారితే మనకు తెలిసే దారే లేదు. 1983 నుంచి మీటరును కాంతి వేగంతోనే నిర్వచించారు కాబట్టి ఇప్పుడు కాంతి వేగం మీటర్లలో మారిందా అని అడగడానికే అర్థం లేదు.

అందుకే ఏ కొలమానంతోనూ పనిలేని ఒట్టి సంఖ్యలను పట్టుకోవాలి. అలాంటి వాటిలో ముఖ్యమైనది సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం. గ్రీకు అక్షరం ఆల్ఫాతో దాన్ని సూచిస్తారు. 1916లో ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ దీన్ని భౌతిక శాస్త్రంలోకి తెచ్చారు. ఎలక్ట్రాన్ ఆవేశం, కాంతి వేగం, ప్లాంక్ స్థిరాంకం ఈ మూడింటినీ తగిన విధంగా కలిపితే యూనిట్లన్నీ కొట్టివేసుకుపోయి సుమారు 1/137.036 మిగులుతుంది. అంగుళాల్లో కొలిచేవారికైనా, మీటర్లలో కొలిచేవారికైనా అదే విలువ. విద్యుదయస్కాంత బలం ఎంత గట్టిదో చెప్పే సంఖ్య ఇది. పరమాణువు పరిమాణం, రసాయన బంధాల బలం, కాంతి రంగులు అన్నీ దీని మీద ఆధారపడి ఉన్నాయి. ఇది మారితే ప్రపంచం మారినట్టే.

రాయి ఇచ్చిన సాక్ష్యం

ష్ల్యాఖ్తర్ ఒక్లోలో వెతికింది ఈ ఆల్ఫా జాడనే. యురేనియం చీలినప్పుడు పుట్టే మూలకాల్లో సమేరియం ఒకటి. దాని 149 రకానికి న్యూట్రాన్లను మింగడంలో అసాధారణమైన ఆకలి. అయితే ఆ ఆకలి అన్ని న్యూట్రాన్ల మీదా ఒకేలా ఉండదు. న్యూట్రాన్ శక్తి 0.0973 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటేనే దాన్ని అంత ఆత్రంగా పట్టేస్తుంది. పాత రేడియోలో ముల్లు సరిగ్గా స్టేషన్ మీదకు వస్తేనే పాట స్పష్టంగా వినిపించి, వెంట్రుకవాసి జరిగినా గరగర మొదలయ్యేది కదా, అలాంటిదే ఇదీ.

ఆ 0.0973 ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ష్ల్యాఖ్తర్ ఆలోచన ఎంత గొప్పదో అర్థమవుతుంది. కేంద్రకంలో కణాలను కట్టి ఉంచే బలానికీ, ప్రోటాన్లను ఒకదాని నుంచి ఒకటి నెట్టివేసే విద్యుత్ బలానికీ మధ్య పోటీ ఉంటుంది. ఆ రెండింటి శక్తులూ లక్షల, కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో ఉంటాయి. సమేరియం 149 విషయంలో ఆ పెద్ద సంఖ్యలు దాదాపు పూర్తిగా ఒకదానికొకటి చెల్లిపోయి, చివరికి ఒక ఎలక్ట్రాన్ వోల్టులో పదో వంతు కూడా లేని శేషం మిగిలింది. ఆల్ఫా విలువ కోటిలో ఒక వంతు మారినా విద్యుత్ బలం వాటా సుమారు 0.1 ఎలక్ట్రాన్ వోల్టు మారుతుంది. అంటే ఆ శేషం ఉన్నంతా జరిగిపోతుంది. అప్పుడు సమేరియం న్యూట్రాన్లను ఆ తీరున పట్టుకోలేదు.

ఒక్లో రాళ్లలో సమేరియం 149 ఎంత మిగిలిందో కొలిచారు. మామూలు సమేరియంలో అది దాదాపు 14 శాతం ఉంటుంది. ఒక్లోలో అందులో చాలా భాగం న్యూట్రాన్లను మింగి వేరే రకంగా మారిపోయి ఉంది. ఈనాడు ప్రయోగశాలలో ఎంత ఆకలి కనిపిస్తుందో ఆనాడూ అంతే ఉండేదని దాన్ని బట్టి తేలుతుంది. ష్ల్యాఖ్తర్ ప్రకటించింది ఈ సంగతే. 1996లో తిబో దమూర్, ఫ్రీమన్ డైసన్ ఆ లెక్కను మొదటి నుంచీ మళ్లీ చేశారు. రియాక్టర్ ఎంత వేడిగా ఉండేదో కచ్చితంగా తెలియకపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. కేంద్రకంలోని మిగతా బలాలు మారలేదనుకుంటే, 200 కోట్ల ఏళ్లలో ఆల్ఫా కోటిలో ఒక వంతుకు మించి మారలేదని తేల్చారు. ఏ శాస్త్రవేత్తా ఏర్పాటు చేయని ప్రయోగాన్ని, జంతువులు కూడా పుట్టని కాలంలో భూమి చేసి, ఫలితాన్ని రాయిలో భద్రపరిచింది.

కాంతి ఇచ్చిన సాక్ష్యం

ఒక్లో సాక్ష్యం భూమిది. మిగతా విశ్వం సంగతేమిటి? దాన్ని కాంతి చెప్పాలి. కాంతిని రంగులుగా విడదీసి, అందులోని గీతలను చదివే విద్యకు మన నేలతో గట్టి బంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా సాగింది. ఫ్రెంచ్ ఖగోళవేత్త పియెర్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నారు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వర్ణపటంలో మెరిసే గీతలు కనిపించాయి. వాటిలో పసుపు పచ్చని గీత ఒకటి భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదని ఆ తర్వాత తేలింది. అది కొత్త మూలకమని భావించి, దానికి సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అని పేరు పెట్టారు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువును పరీక్షిస్తే అదే పసుపు గీత కనిపించింది. ఇక్కడి అణువు పాటించే నియమాన్నే 15 కోట్ల కిలోమీటర్ల అవతలి అణువూ పాటిస్తోందని ఆ గీత చెప్పింది.

సూర్యకాంతి మనల్ని చేరడానికి ఎనిమిది నిమిషాలు చాలు. క్వేసార్ల కాంతికి వందల కోట్ల ఏళ్లు పడుతుంది. అతి దూరపు గెలాక్సీల నడిబొడ్డున వెలిగే ఈ దీపాల కాంతి దారిలో వాయు మేఘాల గుండా వస్తుంది. ఆ మేఘాల్లోని మెగ్నీషియం, ఇనుము లాంటి మూలకాలు తమ తమ రంగుల దగ్గర నల్ల గీతలు గీస్తాయి. ఆల్ఫా మారితే మెగ్నీషియం గీతలు పెద్దగా కదలవు, ఇనుము గీతలు బాగా కదులుతాయి. ఈ రెండింటి మధ్య ఎడాన్ని కొలిస్తే ఆ మేఘంలో, ఆ కాలంలో ఆల్ఫా ఎంతో తెలిసిపోతుంది.

1999లో ఆస్ట్రేలియాకు చెందిన జాన్ వెబ్ బృందం హవాయిలోని కెక్ టెలిస్కోపు కొలతలతో సంచలనం రేపింది. గతంలో ఆల్ఫా ఇప్పటికన్నా లక్షలో సుమారు ఒక వంతు తక్కువగా ఉన్నట్టు వాళ్లకు కనిపించింది. 2004లో పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాకు చెందిన రఘునాథన్ శ్రీఆనంద్, హమ్ చంద్ తమ ఫ్రెంచ్ సహచరులతో కలిసి చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో అదే ప్రశ్న అడిగారు. వాళ్లకు మార్పేమీ కనిపించలేదు. ఆ విశ్లేషణలోని పొరపాట్ల అంచనా సరిగా లేదని వెబ్ పక్షంవారు వాదించారు. ఆ తర్వాత వెబ్ బృందం చిలీ టెలిస్కోపు కొలతలు తీసుకుని తామే విశ్లేషిస్తే ఈసారి ఆల్ఫా ఎక్కువగా ఉన్నట్టు వచ్చింది! ఆకాశంలో ఒక దిక్కున ఆల్ఫా తక్కువ, ఎదుటి దిక్కున ఎక్కువ అని 2010 తర్వాత వాళ్లు ప్రతిపాదించారు.

చిక్కుముడి విప్పింది ఆ బృందంలోనే పనిచేసిన మైకేల్ మర్ఫీ. వర్ణపటంలో ఏ బిందువు ఏ రంగుదో గుర్తించడానికి థోరియం దీపం కాంతిని ప్రమాణంగా వాడతారు. ఆ దీపం కాంతీ, నక్షత్రం కాంతీ యంత్రంలో సరిగ్గా ఒకే దారిలో నడవవు. గ్రహశకలాల మీద పడి తిరిగి వచ్చే సూర్యకాంతితో టెలిస్కోపులను సరిచూస్తే, వర్ణపటం ఒక కొస నుంచి ఇంకో కొసకు మెల్లగా సాగిపోయినట్టు కనిపించింది. ఆ వంకర వల్లే ఆల్ఫా మారినట్టు అనిపించడానికి అవకాశం ఉందని ఆయన, జొనాథన్ విట్‌మోర్ 2015లో చూపించారు. తాను ఎన్నో ఏళ్లు శ్రమించి రాబట్టిన ఫలితానికి గండి కొట్టే పరీక్షను తానే చేయడం శాస్త్రానికి ప్రాణం లాంటి గుణం. ఆ తర్వాత ఇలాంటి కొలతలకు తగినట్టుగా నిర్మించిన ఎస్ప్రెస్సో అనే వర్ణపటమాపకంతో 2022లో మర్ఫీ బృందం ఒక ప్రకాశవంతమైన క్వేసార్‌ను చూసింది. దారిలోని మేఘం నుంచి కాంతి బయలుదేరి 800 కోట్ల ఏళ్లు దాటింది. అక్కడి ఆల్ఫాకూ ఇక్కడి ఆల్ఫాకూ పది లక్షల్లో ఒకటి రెండు వంతుల కచ్చితత్వంతో చూసినా తేడా లేదు.

ఆల్ఫా ఒక్కటే కాదు. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కన్నా 1836 రెట్లు బరువు. ఆ నిష్పత్తి మారితే మిథనాల్ అణువు వెలువరించే రేడియో గీతలు చెదిరిపోతాయి. సుమారు 700 కోట్ల ఏళ్ల నాటి గెలాక్సీలోని మిథనాల్‌ను 2013లో జర్మనీలోని ఎఫెల్స్‌బర్గ్ రేడియో టెలిస్కోపుతో పరిశీలించారు. కోటిలో ఒక వంతు తేడా కూడా తేలలేదు.

గడియారాల పందెం

దూరాలకు వెళ్లకుండా ప్రయోగశాలలోనే ఈ పని చేసే దారీ ఉంది. కాలం తక్కువైతే కచ్చితత్వం పెంచాలి. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ కొలతల సంస్థలో ఒక యిటర్బియం అయానును విద్యుత్ క్షేత్రంలో బంధించి, అందులోని రెండు వేర్వేరు కంపనాలను రెండు గడియారాలుగా వాడారు. ఆల్ఫా మారితే ఆ రెండూ వేర్వేరు తీరుల్లో మారతాయి. ఏళ్ల తరబడి వాటిని పోల్చి 2021లో ఇచ్చిన ఫలితం ప్రకారం, ఆల్ఫాలో మార్పు ఉన్నా అది ఏడాదికి ఒకటి పక్కన 18 సున్నాలున్న సంఖ్యలో ఒకటి రెండు వంతులకు మించదు. విశ్వం పుట్టినప్పటి నుంచీ అదే వేగంతో మారుతూ వచ్చిందనుకున్నా మొత్తం మార్పు కోటిలో ఒక వంతు కూడా కాదు.

2024లో ఈ పందెంలోకి కొత్త గుర్రం దిగింది. థోరియం 229 కేంద్రకాన్ని లేజర్‌తో కదిలించడం ఆ ఏడాది ఆస్ట్రియా, జర్మనీ శాస్త్రవేత్తలకు సాధ్యమైంది. అమెరికాలోని బౌల్డర్‌లో జున్ యే బృందం ఆ కంపనాన్ని పరమాణు గడియారంతో నేరుగా ముడిపెట్టింది. మామూలుగా కేంద్రకాన్ని కదిలించడానికి వేల, లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఇక్కడ 8.4 చాలు. కారణం ఒక్లో సమేరియంలో చూసిందే: రెండు పెద్ద శక్తులు దాదాపుగా చెల్లిపోయి చిన్న శేషం మిగలడం. అందువల్ల ఆల్ఫాలో మార్పును పసిగట్టడంలో ఈ కేంద్రక గడియారం ఇప్పటి గడియారాల కన్నా వేల రెట్లు చురుకుగా ఉంటుందని అంచనా.

మారితే ఏమవుతుంది?

ఇంత శ్రమ ఎందుకు? మార్పు లేదని ఎన్నిసార్లు చెప్పించుకోవాలి? 1918లో గొట్టింగెన్‌లో ఎమ్మీ నోథర్ ప్రచురించిన సిద్ధాంతంలో దీనికి జవాబుంది. నియమాలు కాలంతో మారకపోవడం, శక్తి నిత్యత్వం వేర్వేరు సంగతులు కావని ఆమె గణితంతో నిరూపించారు. ఈ రోజు చేసిన ప్రయోగం రేపు చేసినా అదే నియమం పాటిస్తే శక్తి పుట్టదు, నశించదు. నియమం మారితే ఆ హామీ పోతుంది. సోమవారం గురుత్వాకర్షణ తక్కువగా ఉండి మంగళవారం పెరిగిందనుకోండి. సోమవారం తక్కువ శ్రమతో నీటిని ట్యాంకులోకి ఎక్కించి, మంగళవారం కిందికి వదిలి ఎక్కువ విద్యుత్తు తీయవచ్చు. ఆ అదనపు శక్తి ఎక్కడి నుంచి వచ్చినట్టు? ఆల్ఫా కొలతలో పదో దశాంశ స్థానం కోసం పెనుగులాడేవారు భౌతిక శాస్త్రం పునాదినే పరీక్షిస్తున్నారు.

నిజంగానే మార్పు కనిపిస్తే? ఆన్రీ పొంకారే 1911లో ఈ ప్రశ్న మీద ప్రసంగించారు. ఒక నియమం కాలంతో మారుతున్నట్టు తేలితే, ఆ మార్పు ఎలా జరుగుతోందో చెప్పే మరో నియమాన్ని శాస్త్రం వెతుకుతుందన్నది ఆయన వాదన సారాంశం. ఆధునిక భౌతిక శాస్త్రం సరిగ్గా ఆ దారిలోనే నడిచింది. విశ్వం పుట్టిన తొలి క్షణంలో, సెకనులో లక్ష కోట్లవ వంతు గడిచే లోపు, విద్యుదయస్కాంత బలమూ రేడియోధార్మికతకు కారణమైన బలహీన బలమూ ఇప్పటిలా విడివిడిగా లేవు. విశ్వం చల్లబడినప్పుడు హిగ్స్ క్షేత్రం స్థితి మారి ఆ రెండూ వేరుపడ్డాయి. 2012 జులై 4న సెర్న్ ప్రకటించిన హిగ్స్ కణం ఈ కథకు ఆధారం. ఆల్ఫా కూడా అతి ఎక్కువ శక్తుల దగ్గర 1/137 నుంచి సుమారు 1/128కి పెరుగుతుందని సెర్న్ ప్రయోగాలు చూపాయి. అంటే పైకి కనిపించే రూపం మారింది. ఆ మార్పును శాసించిన లోతైన సమీకరణం మారలేదు.

ఇప్పుడు మరో తగువు నడుస్తోంది. విశ్వ విస్తరణను వేగవంతం చేస్తున్న కృష్ణశక్తి ఎప్పటికీ ఒకే తీరుగా ఉంటుందని 1998 నుంచి ఎక్కువమంది అనుకుంటున్నారు. అరిజోనాలోని కిట్ శిఖరం మీద పనిచేస్తున్న డెసి పరికరం దాదాపు కోటిన్నర గెలాక్సీలు, క్వేసార్ల స్థానాలను కొలిచింది. కృష్ణశక్తి కాలంతో బలహీనపడుతూ ఉండవచ్చని 2025 మార్చిలో ఆ బృందం చెప్పింది. ఆవిష్కరణ అని ప్రకటించడానికి కావలసినంత బలం ఆ సాక్ష్యానికి ఇంకా లేదు. క్వేసార్ కథ తెలిసినవారు పరికరాలను, విశ్లేషణ పద్ధతులను తరచి తరచి చూడకుండా దాన్ని ఒప్పుకోరు. ఒకవేళ నిజమని తేలితే, కృష్ణశక్తిని సూచించడానికి వాడుతున్న, ఐన్‌స్టైన్ పెట్టిన స్థిరాంకం స్థిరాంకం కాకుండా పోతుంది. దాని స్థానంలో మనకు ఇంకా తెలియని క్షేత్రం ఒకటి, దాన్ని నడిపే నియమం ఒకటి బయటపడతాయి.

పిల్లలకు ఏం చెప్పాలి?

ప్రకృతి నియమాలు మారవు అని పాఠ్యపుస్తకాల్లో ఒక్క ముక్కలో రాసి వదిలేస్తాం. ఆ మాటను వేదవాక్కులా బట్టీ పట్టించడం శాస్త్రానికి చేసే అన్యాయమని నా గట్టి అభిప్రాయం. డిరాక్ అంతటివాడు ఆ మాటను శంకించాడని, ఆ శంకను తీర్చడానికి చంద్రుడి మీద అద్దాలు, ఆఫ్రికా గనిలో సమేరియం, వందల కోట్ల ఏళ్ల నాటి కాంతి పనికొచ్చాయని చెబితే పిల్లవాడికి శాస్త్రం ఎలా నడుస్తుందో తెలుస్తుంది. మార్పు కనిపించిందని ప్రకటించినవారిని ఎవరూ వెలివేయలేదు. వారి కొలతను ఇంకొకరు సరిచూశారు, ఆ పక్షంవారే తమ లోపాన్ని తాము పట్టుకున్నారు.

అణువుకు యుగధర్మం ఉందా అంటే, ఇంతవరకు చేసిన పరీక్షలన్నీ లేదనే చెబుతున్నాయి. 800 కోట్ల ఏళ్ల వెనక్కి వెళ్లి చూసినా, పద్దెనిమిదో దశాంశ స్థానం వరకు కొలిచినా అదే జవాబు. ఆ జవాబు మీద భరోసా పెట్టుకోవచ్చు. దాన్ని తప్పని చూపించగల పరీక్షలు వీలైనన్ని పెట్టాం, ఇంకా గట్టివి పెడుతూనే ఉన్నాం. ఆ భరోసాకు ఆధారం అదే.